సగంలో నిలిచిన అల్లిక: క్రోషా చరిత్రలో ఒక పుట

ఆంధ్రులు ఆరంభశూరులన్నది మనవారు మనవారిని గురించే చెప్పుకొనే నానుడి. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి నీతిపద్యాలలో, పనిని మొదలుపెట్టని వారిని, మొదలుపెట్టి నడుమ విడిచేవారిని, ఎన్ని విఘ్నాలు వచ్చినా విడువనివారిని మూడు తరగతులుగా విభజించి చెప్పిన పద్యం ఒకటి ఉన్నది. మన పాఠశాలలో చదివిన ప్రతి విద్యార్థీ ఆ పద్యాన్ని కంఠస్థం చేసి తెలుగు మేష్టారికి ఒప్పజెప్పినవాడే. అబ్బాయిలకు అది పరీక్షలో వచ్చే పద్యం మాత్రమే. అమ్మాయిలకు మాత్రం దాని తాత్పర్యం వారానికి రెండుసార్లు, కుట్టుపని పీరియడులో, ప్రత్యక్షంగా బోధపడుతూ ఉండేది. సంవత్సరాంతానికి ఎవరి సంచి విప్పినా, సగం అల్లిన క్రోషా గుడ్డ ఒకటి, చిక్కుపడిన దారపు ఉండ ఒకటి తప్పక కనిపించేవి. భర్తృహరి లెక్కన మేమందరం మధ్యములమే.

ఈ ప్లాటినం జూబ్లీ సంచికకు పాఠశాల జ్ఞాపకాలలో ఏదైనా ఒక చరిత్రాంశాన్ని గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నాకు ముందుగా స్ఫురించినది ఆ సగం గుడ్డలే. పూర్తయిన వస్తువులకు చరిత్ర వ్రాసేవారు చాలామంది ఉన్నారు. సగంలో నిలిచిపోయిన వస్తువులకు కూడా ఒక చరిత్ర ఉన్నదనీ, అది వాటిని విడిచిపెట్టిన చేతుల సోమరితనపు చరిత్ర మాత్రమే కాదనీ చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

పేరూ, పుట్టుకా

'క్రోషా' అన్నది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని దాని అర్థం. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాంలో ఈ మాటకు అర్థం చెప్పగల పెద్దలు ఉండడం సహజమే. కాని ఈ కళ మన తీరానికి ఫ్రెంచివారి ద్వారా వచ్చినది కాదు. ఆ సంగతి ముందుకు చెబుతాను.

నేతతో గాని, సూది అల్లిక అయిన ఊలు నిట్టింగుతో గాని పోల్చి చూస్తే క్రోషా చాలా చిన్న వయస్సుది. మగ్గం వేల సంవత్సరాల నాటిది. క్రోషాకు మాత్రం స్పష్టమైన ఆధారాలు పందొమ్మిదవ శతాబ్దిలోనే లభిస్తున్నవి. దానికి మాతృక వంటిది మన దేశంలోనే ఉన్నది. కచ్ఛ్ ప్రాంతపు మోచీలు తోలు మీదా, తర్వాత గుడ్డ మీదా కొక్కెపు సూదితో గొలుసు కుట్టు వేసే ఆరీ పని ప్రసిద్ధమైనది. చట్రానికి బిగించిన గుడ్డలోనికి కొక్కేన్ని దింపి, అడుగునుండి దారాన్ని పైకి లాగి, ఉచ్చు వెనుక ఉచ్చుగా గొలుసు వేయడం దాని పద్ధతి. ఇటువంటి పని పద్దెనిమిదవ శతాబ్దిలో తూర్పుదేశాల నుండి యూరపుకు చేరి, అక్కడ సంపన్నుల ఇండ్ల స్త్రీలకు వ్యాసంగమైనది. కాలక్రమాన అడుగున ఉన్న గుడ్డను తీసివేసి, గాలిలోనే గొలుసు అల్లడం నేర్చుకొన్నారనీ, అదే క్రోషా అనీ పలువురు చరిత్రకారుల భావన.

అచ్చులో క్రోషా నమూనాలు మొదటగా కనిపించినది 1823లో, ఒక డచ్చి పత్రికలో. ఆ పత్రిక పేరు 'పెనెలొపె'. ఈ పేరును గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. గ్రీకు మహాకవి హోమరు కావ్యంలో పెనెలొపె ఒడిస్యూసు భార్య. యుద్ధానికి వెళ్ళిన భర్త తిరిగి రాలేదని, తమలో ఒకరిని వరించమని రాజకుమారులు ఇల్లు చుట్టుముట్టి నిర్బంధించగా, మామగారి కోసం నేస్తున్న వస్త్రం పూర్తికాగానే ఆలోచిస్తానని ఆమె మాట ఇస్తుంది. పగలు నేసినదంతా రాత్రి దివిటీ వెలుగులో విప్పివేస్తూ మూడేండ్లకు పైగా వారిని మోసపుచ్చుతుంది. పనిని పూర్తి చేయకపోవడమే తన రక్షణగా చేసుకొన్న స్త్రీ పేరున వెలువడిన పత్రికలో క్రోషా నమూనాలు తొలిసారి అచ్చు కావడం కాకతాళీయమే కావచ్చు. అయినా మన ప్రస్తుత విషయానికి అంతకంటె తగిన నాంది దొరకదు.

ఒక్క ఉచ్చు మీద నిలిచే పని

క్రోషా అల్లికలు ఇన్ని సగంలో ఆగిపోవడానికి ఆ పని స్వభావమే కొంత కారణం. ఊలు నిట్టింగులో ఒక వరుసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద సజీవంగా ఉంటాయి. సూది జారితే వరుస మొత్తం ప్రమాదంలో పడుతుంది. అందుచేత దానిని నడుమ ఎక్కడపడితే అక్కడ విడిచి లేవడం కష్టం. క్రోషాలో అలా కాదు. ఒక కుట్టు ముగిసిన తరువాతనే మరొకటి మొదలవుతుంది. ఎంత పెద్ద బల్లగుడ్డ అయినా, ఏ క్షణాన చూసినా, కొక్కెం మీద మిగిలి ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. పొయ్యి మీద పాలు పొంగినా, బిడ్డ ఏడ్చినా, గుమ్మంలో చుట్టం కనిపించినా, ఆ ఒక్క ఉచ్చును కాస్త పొడుగు లాగి గుడ్డను పక్కన పెట్టి లేవవచ్చు. గృహిణి జీవితానికి ఇంతకంటె అనుకూలమైన చేతిపని లేదు. ఎప్పుడంటే అప్పుడు విడువగలిగిన పని గనుకనే, ఎప్పటికీ విడిచి ఉండగలిగిన పని కూడా అయినది.

విడిచిన దానిని తిరిగి అందుకోవడంలోనే అసలు చిక్కు. ఆ చివరి ఉచ్చులో నుండి దారం కొసను లాగి ముడి బిగించేవరకు అల్లిక నిజంగా నిలిచినట్లు కాదు. చంటిబిడ్డ దారం కొస పట్టుకొని ఇల్లంతా తిరిగివస్తే, నెలరోజుల పని ఐదు నిమిషాలలో దారంగా మారిపోతుంది. అటువంటి ప్రమాదం జరుగకపోయినా, ఆరు నెలల తర్వాత పెట్టె తెరిచేసరికి ఎన్నవ వరుసలో ఉన్నామో గుర్తుండదు. అదే నంబరు దారం దుకాణంలో దొరికినా, అదే తెలుపు దొరకదు. పాత దారం పసుపుబారి ఉంటుంది, కొత్తది మల్లెపూవులా ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యమైనది చేతి బిగువు. మనిషి మనిషికీ దారం పట్టే బిగువు వేరు. ఒకే మనిషికైనా ఇరవయ్యవ ఏట ఉన్న బిగువు నలభయ్యవ ఏట ఉండదు. అల్లిక తెలిసినవారు గుడ్డను చూసి, ఇక్కడ కోపంగా ఉన్నావమ్మా, ఇక్కడ నిద్రలో ఉన్నావమ్మా అని చెప్పగలరు.

ఇక ఆనందం మాటకు వస్తే, విప్పివేయడంలో కూడా ఒక ఆనందం ఉన్నది. కత్తిరించిన గుడ్డ తిరిగి తాను కాలేదు. చెక్కిన కొయ్య తిరిగి చెట్టు కాలేదు. ముడి వేయని క్రోషా మాత్రం ఎంతవరకు అల్లినా తిరిగి దారమవుతుంది. తప్పును తప్పుగా ఒప్పుకొంటే దారం నష్టం లేదు, కాలమే నష్టం. విద్యార్థికి ఇంతకంటె ఉదారమైన గురువు ఉండదు.

కరవు నేర్పిన పని

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి, కొన్ని సంవత్సరాలపాటు వరుసగా పంట పోయినది. దాదాపు పది లక్షలమంది ఆకలికీ జ్వరాలకూ బలి అయినారు. అంతకు తక్కువ కానంతమంది దేశం విడిచి ఓడలెక్కినారు. ఆ కరవు కాలంలోనే క్రోషా అక్కడి పేద స్త్రీలకు జీవనాధారమైనది. ఫ్రెంచి–స్పానిషు వంశపు తండ్రికీ, ఐరిషు తల్లికీ పుట్టిన ఎలియొనోర్ రీగో ద లా బ్రాంషార్దియేర్ 1840ల నుండి వరుసగా నమూనా పుస్తకాలు ప్రకటించి, వెనిసు నగరపు ఖరీదైన సూదిలేసు సొగసును కొక్కెంతో త్వరగా సాధించే మార్గాన్ని ప్రచారంలోకి తెచ్చినది. 1847లో క్లోన్స్ అనే ఊరిలో మతాచార్యుని భార్య కసాండ్రా హ్యాండు కరవు సహాయంగా ఈ పనిని నేర్పించినది.

ఐరిషు పద్ధతిలో గమనించవలసినది శ్రమవిభజన. గులాబీ ఒకరు అల్లేవారు, ఆకు ఒకరు అల్లేవారు, మూడు రేకుల షామ్‌రాక్ మరొకరు అల్లేవారు. కొన్ని కుటుంబాలు తమ పువ్వు నమూనాను పొరుగువారికి కూడా తెలియనిచ్చేవి కావు. ఇలా వేర్వేరు గుడిసెలలో పుట్టిన పువ్వులన్నిటినీ ఒకచోట చేర్చి, నడుమ వలవంటి అల్లిక వేసి, ఒక కాలరుగానో ఒక గౌనుగానో అతికేవారు వేరే ఉండేవారు. జీవితమంతా గులాబీలు అల్లినా, ఒక్క గౌను కూడా పూర్తిచేయని స్త్రీలు అక్కడ వందలమంది. వారిలో ఎవరినైనా ఆరంభశూరులనగలమా? ఆకలి తీరడానికీ, ఇంటిలో ఒకరికైనా అమెరికా ఓడ టిక్కెట్టు కొనడానికీ ఆ అసంపూర్ణమైన పువ్వులే పనికివచ్చినవి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పారిసు నగరపు ఫ్యాషను దుకాణాలలో ఐరిషు క్రోషా గౌన్లు గొప్పగా అమ్ముడుపోయినవి. 1914లో మొదలైన మహాయుద్ధంతో ఆ వైభవం తగ్గినది.

వసిష్ఠ తీరాన

ఐర్లండులో క్లోన్స్ స్త్రీలు కొక్కెం పట్టిన 1847లోనే, గోదావరి మీద ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట పని ప్రారంభమైనది. 1852 నాటికి అది పూర్తి అయి డెల్టా రూపురేఖలు మారిపోయినవి. అంతకు ముందే ఈ తీరానికి వస్త్రవాణిజ్యంలో ప్రఖ్యాతి ఉన్నది. పాలకొల్లులో డచ్చివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు స్థావరాలు ఏర్పరచుకొన్నది ప్రధానంగా మన నేతబట్టల కోసమే. నర్సాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరు విదేశీయుల నోట 'మడపోలం'గా మారి, ఒక రకం నూలుబట్టకు ప్రపంచమంతటా పేరై నిలిచినది.

యంత్రాల బట్ట వచ్చి మన మగ్గాలను దెబ్బతీసిన పందొమ్మిదవ శతాబ్దిలోనే, అదే తీరంలో లేసు అల్లిక వేళ్ళూనుకొన్నది. ఐర్లండులో వలెనే ఇక్కడ కూడా క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలే దానికి గురువులు. స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఈ పనిని నేర్పించారని స్థానికంగా చెప్పుకొంటారు. మొదట మతం పుచ్చుకొన్న పేద స్త్రీలకు బ్రతుకుతెరువుగా నేర్పిన పని, కొద్ది తరాలలో కులమత భేదాలు దాటి నర్సాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలన్నిటికీ వ్యాపించినది. స్త్రీ పొలానికి కూలికి పోవడం పరువుతక్కువగా భావించిన ఇండ్లలో, అరుగు దిగకుండా చేయగలిగిన పని గనుక ఇది మరింత ప్రియమైనది. ఆ అరుగుల మీద అల్లిన బల్లగుడ్డలు ఇంగ్లండుకూ, జర్మనీకీ, అమెరికాకూ ఓడలలో వెళ్ళినవి.

పద్ధతి మాత్రం ఐరిషువారి వంటిదే. నర్సాపురం వైపున ఇంటింటా అల్లేది పువ్వులు. ఆ పువ్వులను కలిపి గుడ్డగా చేయడానికి అతుకుపని అని పేరు, అది మరొకరి వంతు. దారం ఇచ్చేది వ్యాపారి. దానిని ఊళ్ళకు తెచ్చి, అల్లిన పువ్వులను తిరిగి పట్టుకుపోయేది ఏజెంటు. గుడ్డ ఏ దేశానికి పోయినదో, ఎంతకు అమ్ముడుపోయినదో పువ్వు అల్లిన మనిషికి తెలియదు.

జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ గ్రామాలలో ఉండి పరిశోధన జరిపి, 1982లో నర్సాపురం లేసు శ్రామికులను గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రకటించినది. ప్రపంచమంతటా స్త్రీల శ్రమను గురించి చదివేవారు నేటికీ ఆ గ్రంథాన్ని పరిశీలిస్తారు. అందులోని ప్రధానాంశం ఇది: రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినా ఆ స్త్రీలకు రూపాయి కూడా గిట్టేది కాదు. పొలం కూలికి వెళ్ళిన స్త్రీ అంతకంటె ఎక్కువ సంపాదించేది. ఇంత తక్కువ కూలి చెల్లుబాటు కావడానికి కారణం, వారిని శ్రామికులుగా ఎవరూ లెక్కించకపోవడమే. ఇంటిదగ్గర ఊరికే కూర్చున్న ఆడవాళ్ళు తీరిక వేళలో చేసే కాలక్షేపమని వ్యాపారీ అనుకొన్నాడు, భర్తా అనుకొన్నాడు. చాలావరకు ఆ స్త్రీలు కూడా అలాగే అనుకొన్నారు. ఆ కాలక్షేపం వలన దేశానికి విదేశీమారకం లభించినది.

మా అమ్మమ్మ పుట్టినిల్లు ఆ వైపే. ఎనిమిదవ ఏట కొక్కెం పట్టినదట. దారం తూచి ఇచ్చేవారు, పువ్వులు తూచి తీసుకొనేవారు, తూకంలో తేడా వస్తే కూలిలో విరిచేవారు అని ఆమె చెప్పేది. పెండ్లి అయి వసిష్ఠ ఒడ్డు నుండి కోనసీమ దాటి గౌతమి ఒడ్డుకు, యానాంకు వచ్చిన తరువాత, తన ఇంటికోసం ఒక బల్లగుడ్డ అల్లుకోవాలని మొదలుపెట్టినది. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది, మొత్తం అరవై నాలుగు పువ్వులు కావాలి. నలభై రెండు అల్లినది. వేల పువ్వులు అల్లిన చేతికి మరి ఇరవై రెండు పువ్వులు ఎంత పని? "పరాయి దారమైతే గడువు ఉంటుందే అమ్మా, సొంత దారానికి గడువెవరు పెడతారు?" అనేది. ఇంటిలో ఆమెకు ఆఖరున మిగిలే పని అదే గనుక, అది ఎప్పుడూ ఆఖరునే మిగిలిపోయినది.

బడిలో కుట్టుపని

1937లో వార్ధాలో జరిగిన విద్యాసమావేశంలో గాంధీజీ, చేతిపని ద్వారానే చదువు సాగాలన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. స్వాతంత్ర్యానంతరం అది మూలవిద్య పేరున కొంతకాలం నడిచి, క్రమేణా బడులలో వారానికి రెండు క్రాఫ్టు పీరియడులుగా మిగిలినది. ఆ రెండు పీరియడులలోనే మగపిల్లలు తోటపనికి, ఆడపిల్లలు కుట్టుపనికి వెళ్ళేవారు.

మా క్రాఫ్టు టీచరుగారు ముందుగా గొలుసు నేర్పేవారు. గజం పొడుగు గొలుసు సమానంగా వచ్చేవరకు తరువాతి పాఠం లేదు. పిమ్మట చేతిరుమాలు అంచు, ఆపైన దిండు గలీబు అంచు, చివరకు రేడియో మీద కప్పే గుడ్డ. నలభై నిమిషాల పీరియడులో దారం చిక్కు తీయడానికే పదిహేను నిమిషాలు పోయేది. సంవత్సరాంతపు ప్రదర్శన నాటికి మాత్రం అద్భుతం జరిగినట్లు బల్ల నిండా పూర్తయిన గుడ్డలు అమరేవి. వాటిలో సగం అమ్మలు, అక్కలు, పిన్నులు రాత్రిళ్ళు కూర్చొని ముగించినవని అందరికీ తెలుసు. టీచరుగారికి మరింత బాగా తెలుసు. బిగువు మారినచోట వేలు పెట్టి, "ఇక్కడినుంచి మీ అమ్మగారికి ఎన్ని మార్కులు వేయమంటావు?" అని అడిగేవారు. అడిగి, మార్కులు మాత్రం వేసేవారు.

ఆ రోజులలోనే నేను అమ్మమ్మ బల్లగుడ్డను ముగిస్తానని బయలుదేరినాను. ఆమె కొక్కెంతోనే, ఆమె పువ్వును ముందు పెట్టుకొని, కుట్టు కుట్టూ లెక్కించి మూడు పువ్వులు అల్లినాను. లెక్కలో పొరపాటు లేదు. అయినా నా పువ్వు ఆమె పువ్వు కంటె అర అంగుళం పెద్దదిగా వచ్చినది. బిగించి అల్లితే రేకులు ముడుచుకొన్నవి, వదులు చేస్తే అతుకు దగ్గర గుడ్డ ఉబ్బినది. ఏడుపు ముఖంతో టీచరుగారికి చూపితే, రెండు పువ్వులనూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "మీ అమ్మమ్మగారిది కూలికి అల్లిన చేయి. దారం వృథా పోకూడదని బిగించి బిగించి అలవాటైన చేయి. నీకు ఆ భయం లేదు గదా, నీ చేతికి ఆ బిగువు రాదు. రాకపోతేనే మంచిది" అన్నారు. ఆ మాటలోని అర్థం నాకు ఆ వయస్సులో తెలియలేదు. మీస్ గ్రంథాన్ని గురించి తెలుసుకొన్న తరువాత తెలిసినది.

ముగింపు లేని తలం

అసంపూర్ణత క్రోషాకు లోపమే కానక్కరలేదని గణితశాస్త్రం కూడా నిరూపించినది. సమతలం మీద ఒక రేఖకు బయటి బిందువు నుండి ఒకే సమాంతర రేఖను గీయగలమని బడిలో చదువుకొన్నాం. అనేక సమాంతర రేఖలను గీయగల మరొక రకం జ్యామితి ఉన్నదని పందొమ్మిదవ శతాబ్దిలో లోబచేవ్‌స్కీ మొదలైనవారు సిద్ధాంతరీత్యా చూపినారు. ఆ వింత తలాన్ని చేతిలో పట్టుకొని చూడడానికి వీలైన నమూనా చేయడం గణితవేత్తలకు కష్టమైనది. కాగితంతో చేసినవి చిరిగిపోయేవి. 1997లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఉన్న లాత్వియా దేశపు గణితజ్ఞురాలు డైనా టైమిన్యా ఆ నమూనాను క్రోషాతో అల్లి చూపినది. సూత్రం సులభమే. ప్రతి వరుసలోనూ నిర్ణీతమైన కొన్ని కుట్లకు ఒక కుట్టు చొప్పున అదనంగా వేస్తూ పోవాలి. గుడ్డ అంచు త్వరత్వరగా పెరిగి, సముద్రంలోని పగడపు దిబ్బల వలె మడతలు పడుతుంది.

మన చిన్నతనంలో కుట్లు ఎక్కువ పడి గుడ్డ ఉబ్బితే, తప్పు, విప్పు అనేవారు. ఆ తప్పే ఒక గొప్ప జ్యామితికి రూపమైనది. ఆ తలానికి అంతం లేదు. ఎంత అల్లినా మిగిలే ఉంటుంది. ఎవరు అల్లినా ఎక్కడో ఒకచోట ఆపవలసినదే. ఈ విషయం మీద ఆమె వ్రాసిన గ్రంథానికి 2012లో అమెరికా గణితసంఘం వారి ఆయిలర్ బహుమతి లభించినది. గణితం అంటే భయపడే ఆడపిల్లలకూ, కుట్టుపని అంటే చులకనగా చూసే మగపిల్లలకూ ఈ ఉదంతాన్ని మన ఉపాధ్యాయులు చెప్పవలసిన అవసరం ఉన్నది.

నేటి స్థితి

యంత్రంతో చేసిన చవక లేసు, ముఖ్యంగా చైనా సరుకు, మార్కెట్టును ముంచెత్తిన నేపథ్యంలో నర్సాపురం చేతి అల్లికకు గడ్డుకాలం వచ్చినది. చూడడానికి లేసు వలె ఉండే బట్టను యంత్రం గజాలకొద్దీ తీస్తుంది. కాని కొక్కెంతో వేసే అసలైన క్రోషా కుట్టు ఇప్పటికీ చేతిపనిగానే మిగిలి ఉన్నది. నర్సాపురం పక్కనున్న రుస్తుంబాదలో లేసు వాణిజ్య కేంద్రం ఏర్పడినది. 2024లో నర్సాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇవి సంతోషించదగిన విషయాలు. అయితే పేరుకు లభించిన రక్షణ పువ్వు అల్లే చేతి కూలి వరకు చేరినప్పుడే ఆ గుర్తింపు సార్థకమవుతుంది. తల్లి అల్లినా కూతురు అల్లడం లేదని ఆ గ్రామాలలో పెద్దలు బాధపడతారు. కూలి గిట్టని పనిని కూతురు విడిచిపెడితే తప్పుపట్టే హక్కు మనకు లేదు. బడిచదువు ఆమెకు మరొక దారి చూపినదంటే అది మనం గర్వించవలసిన విషయమే. అదే సమయంలో నూరేండ్లకు పైబడిన ఒక నైపుణ్యం చేతులు మారకుండా ఆగిపోవడం విచారకరమే. ఈ రెండు మాటలూ నిజమే గనుక, ఒకదానికోసం మరొకదానిని దాచిపెట్టకూడదు.

విన్నపం

అమ్మమ్మ గతించి చాలా కాలమైనది. ఆమె ట్రంకుపెట్టెలో నలభై రెండు పువ్వులు, నావి మూడు పువ్వులు, ఒక దారపు ఉండ, కొక్కెం నేటికీ ఉన్నవి. ఎవరిచేతనైనా ముగింపించమని ఇంటిలో పిల్లలు అంటూ ఉంటారు. అతుకుపని తెలిసినవారు దొరకకపోరు, డబ్బిస్తే ముగుస్తుంది కూడా. నేను ఒప్పుకోలేదు. జీవితమంతా పువ్వులు అల్లి పరాయివారి బల్లగుడ్డలను పూర్తిచేసిన మనిషి, తనకోసం అల్లుకొన్నది ఎంతవరకు అల్లుకోగలిగినదో ఆ నలభై రెండు పువ్వులు నిజం చెబుతున్నవి. మిగిలిన ఇరవై రెండింటిని అతికితే గుడ్డ అందంగానే ఉంటుంది, నిజం మాత్రం చెరిగిపోతుంది.

భర్తృహరి మీద నాకు ఫిర్యాదు లేదు. విఘ్నాలకు వెరవక పనిని కడముట్టించడం ఉత్తమం అన్న మాట ఎప్పటికీ శిరోధార్యమే. నడుమ విడిచిన ప్రతి పని వెనుకా ఆ విఘ్నం ఏమిటో, అది ఎవరు కల్పించినదో కూడా విచారించమని మాత్రమే నా మనవి.

జూబ్లీ ఉత్సవాలలో పాత విద్యార్థుల వస్తు ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నట్లు తెలిసినది. పూర్తయిన గుడ్డలతోపాటు, మీ ఇండ్లలో పెట్టెల అడుగున పడివున్న సగం అల్లికలను కూడా తీసుకొనిరావలసినదిగా పూర్వ విద్యార్థినులకూ, తల్లులకూ విజ్ఞప్తి చేస్తున్నాను. ప్రతిదానికీ ఒక చీటీ గుచ్చి, ఎవరు మొదలుపెట్టినారో, ఏ సంవత్సరంలో మొదలుపెట్టినారో, ఎందుకు ఆగినదో రెండు వాక్యాలలో వ్రాయండి. సిగ్గుపడనక్కరలేదు. మా ఇంటినుండి ఒక బల్లగుడ్డ వస్తుంది. కొక్కెం దానికే ఉంటుంది, చివరి ఉచ్చు ఇంకా విడిపోలేదు. పిల్లలు దారం కొస లాగకుండా మాత్రం కార్యకర్తలు కాస్త కనిపెట్టి ఉండాలి.